అచ్చు కాని వ్యాసం

కైరవాన్ అవతల వాగు పొంగి, ఆలివ్ తోటల నుంచి తిరిగొస్తున్న ఆడకూలీల బండిని లాక్కుపోయిందన్న కబురు రాజధాని ట్యూనిస్ చేరేసరికి, హెందా విశ్వవిద్యాలయంలో తన గది తలుపు వేసుకుని ఒక వ్యాసం ముందు కూర్చుని ఉంది. ఆ వ్యాసం ఆమె బల్ల మీదకు వచ్చి చాలా వారాలైంది. ఆమె దాన్ని ఒప్పుకోనూ లేదు, తిప్పి పంపనూ లేదు.

హెందా ఒక మనోవిజ్ఞాన పత్రికకు సంపాదకురాలు. ఏడాదికి రెండు సంచికలు వస్తాయి. అమ్ముడుపోయేది తక్కువే అయినా దేశంలో మనసు వైద్యం చేసేవాళ్ళందరి అలమారాల్లోనూ అది ఉంటుంది. అందులో అచ్చయింది ఆసుపత్రుల్లోకి వెళ్తుంది, పాఠాల్లోకి వెళ్తుంది. అచ్చు కానిది ఎంత గొప్పదైనా కాఫీ బల్లల దగ్గర కబుర్లుగా మిగిలిపోతుంది. ఆ పత్రికను పెట్టింది ఆమె గురువు శాద్లీ. ఊరంతా ఆయన్ని సీ శాద్లీ అని గౌరవంగా పిలుస్తుంది. వయసు మీదపడి పని అప్పగించేశారు గానీ, అట్ట వెనక గౌరవాధ్యక్షుడిగా ఇప్పటికీ ఆయన పేరే ముందు ఉంటుంది.

ఆయనకు పేరు తెచ్చింది ఒక పద్ధతి. ప్రమాదంలోంచి బతికి బయటపడ్డవాళ్ళను మర్నాడే గుండ్రంగా కుర్చీలేసి కూర్చోబెట్టాలి. ఏం చూశారో, ఏం విన్నారో, ఎవరి చెయ్యి జారిపోయిందో ఒక్కొక్కరిచేతా మొదటి నుంచి చివరిదాకా చెప్పించాలి. లోపల అణిచిపెట్టింది తర్వాత పుండై కుళ్ళుతుంది కాబట్టి తొలిరోజే బయటికి రావాలన్నది ఆయన వాదం. దానికి 'తొలి వలయం' అని పేరు పెట్టారు. పత్రిక తొలినాళ్ళలోనే దాని మీద ఆయన వ్యాసం వచ్చింది. ఆరోగ్యశాఖ ఆ వ్యాసాన్నే దగ్గర పెట్టుకుని బృందాలను తయారు చేసింది. హెందా కూడా చదువుకునే రోజుల్లో ఆ శిక్షణ తీసుకుంది.

ఇప్పుడు బల్ల మీదున్న వ్యాసం ఆ పద్ధతి మీదే. రాసిన మనిషి మబ్రూకా అనే అమ్మాయి, కైరవాన్ వైపు ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో మనోవైద్య సలహాదారు. కొన్నేళ్ళ కిందట అటువైపు కొండదారిలో ఒక బస్సు బోల్తా పడింది. దెబ్బలు తగిలినవాళ్ళను రెండు ఆసుపత్రులకు పంచారు. ఒకచోటికి శాఖ బృందం వెళ్ళి వలయం పెట్టింది. రెండోచోటికి దారి తెగి బృందం చేరలేకపోయింది. మబ్రూకా ఏడాది తర్వాత ఇంటింటికీ తిరిగి రెండు వైపుల వాళ్ళనూ ఒకే ప్రశ్నలు అడిగింది. ఏ సాయమూ అందనివాళ్ళలో ఎక్కువమంది కుదుటపడ్డారు. వలయంలో కూర్చున్నవాళ్ళే ఎక్కువగా నిద్రలో కేకలు వేస్తున్నారు, బస్సు చప్పుడు వింటే వణుకుతున్నారు.

పత్రిక ఆనవాయితీ ప్రకారం హెందా రాసినవాళ్ళ పేరు తీసేసి వ్యాసాన్ని ముగ్గురు పరిశీలకులకు పంపింది. ఒకరు చిన్న దిద్దుబాట్లతో వేసుకోవచ్చన్నారు. అల్జీరియాలోని మూడో ఆయన ఇంకా పలకలేదు. రెండో ఆయన పేరు నౌఫల్. ఒకప్పుడు సీ శాద్లీ శిష్యుడే. ఇది పరిశోధన కాదు, పెద్దవాళ్ళ మీద బురద చల్లడం అని రాశాడు. మాట మోటుగా ఉన్నా అతను వేసిన ప్రశ్న మటుకు సరైనదే. దెబ్బలు బాగా తగిలినవాళ్ళను పెద్ద ఆసుపత్రికే తీసుకెళ్ళి ఉంటారు, వలయం పెట్టింది అక్కడే, అలాంటప్పుడు వాళ్ళ బాధకు కారణం వలయమా, దెబ్బలా? హెందా ఆ ప్రశ్నను మబ్రూకాకు పంపి, ఎవరికెంత గాయమైందో వివరాలు కావాలని అడిగింది. జవాబు రాలేదు.

కబురు విన్న కాసేపటికి సీ శాద్లీ ఫోన్ చేశారు. శాఖవాళ్ళు ఆయన్ని రమ్మన్నారట. పొద్దున్నే బయల్దేరాలి, మనుషులు చాలరు, నువ్వు ఒక వలయం నడుపు అన్నారు. కారు కూడా నీదే తియ్యమన్నారు, వానలో తనకు చూపు ఆనదని. ఆమె సరేనంది. ఫోన్ పెట్టేశాక గానీ తను దేనికి సరేనందో ఆమెకు తెలిసిరాలేదు.

అడిగిన వివరాలు ఇప్పుడైనా దొరుకుతాయేమోనని వెంటనే మబ్రూకాకు ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఎత్తిందా అమ్మాయి. వెనక మనుషుల అరుపులు, చక్రాల బల్లల చప్పుడు.

"మేడమ్, మీరడిగిన వివరాలు పంపలేదనేగా? పంపుతాను. ఇప్పుడు కాదు. వాగులోంచి తీసినవాళ్ళని మా దగ్గరికే తెస్తున్నారు."

అంటే, రేపు సీ శాద్లీ బృందం రాబోయేది ఆ ఆసుపత్రికే.

"రేపు నేనూ అక్కడికే వస్తున్నాను," అంది.

"వలయం పెట్టడానికా?"

హెందా బల్ల మీది వ్యాసం కాగితాలు దగ్గరికి లాక్కుంది.

"నా వ్యాసం చదివి కూడా వస్తున్నారా, మేడమ్?"

"అది తేలలేదు మబ్రూకా. నీ లెక్కల్లో ఒక పెద్ద సందేహం ఉంది. నువ్వే తీర్చలేదు."

"తేలేదాకా ఆగితే వాళ్ళకి ఈలోపల జరిగేది జరిగిపోతుంది. మీరొక్క మాట అంటే ఆపేస్తారు."

"పరిశీలనలో ఉన్న వ్యాసం గురించి నేను బయట నోరెత్తకూడదు. అది నీది. చెప్పుకునే హక్కు నీకే ఉంది."

"నేను చెబితే ఎవరు వింటారు? ఎక్కడ అచ్చయిందీ అంటారు. మొదటి మాటే అది." ఎవరో పిలిచినట్టున్నారు, అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రి హెందాకు నిద్ర పట్టలేదు. వ్యాసం తప్పయితే, దాన్ని నమ్మి వలయం ఆపితే, సాయం అందాల్సినవాళ్ళకు అందకుండా చేసినట్టవుతుంది. వ్యాసం ఒప్పయితే, అది తన బల్ల మీద ఉండగానే వెళ్ళి ఆడవాళ్ళను వరసగా కూర్చోబెట్టి పుండు కెలికినట్టవుతుంది. ఒప్పో తప్పో తేల్చడానికే పత్రిక ఉంది. ఆ తేల్చే పని ఇంకా సగంలోనే ఉంది.

తెల్లవారినా ముసురు పట్టే ఉంది. సీ శాద్లీ నల్ల కోటు, మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని వీధి మొగలో నిలబడి ఉన్నారు. కారెక్కిన దగ్గర్నుంచీ హుషారుగా మాట్లాడారు. తన చిన్నప్పుడు ఈ వాగులు ఎలా పొంగేవో చెప్పారు. దారిలో ఆగి కాఫీ తాగినప్పుడు హెందా కప్పు ముట్టుకోకపోవడం చూసి, పెళ్ళిచూపులకు తీసుకెళ్తున్న పిల్లలా ఉన్నావేమిటని ఆటపట్టించారు. మళ్ళీ కారు కదిలి, ఆలివ్ తోటలు మొదలయ్యాక ఒక్కసారిగా గొంతు తగ్గించారు.

"నీ దగ్గర ఒక వ్యాసం ఉందట, అమ్మాయ్."

హెందా కారు వేగం తగ్గించింది. ఆ సంగతి తనకూ, రాసినమ్మాయికీ, ముగ్గురు పరిశీలకులకూ తప్ప తెలియకూడదు. ఎవరు చెప్పారో ఆయన చెప్పనక్కర్లేదు.

"నా దగ్గర చాలా వ్యాసాలు ఉంటాయి, సీ శాద్లీ."

"నా మీద వచ్చింది ఒకటేగా. ఎవరు రాశారు?"

"మీరే నేర్పారు, పేరు చెప్పకూడదని."

ఆయన నవ్వారు. నవ్వులో సరదా లేదు. "నేర్పాను. అయితే ఇంకొకటి కూడా చెప్పి ఉండాల్సింది. నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు ఏముండేదో తెలుసా? గనిలోంచి శవాల మధ్య పడుకున్నవాణ్ణి బయటికి లాగేవాళ్ళు. ఒక మాత్ర మింగించి ఇంటికి పొమ్మనేవాళ్ళు. మగాడివి కాదా, ఏడుస్తావేంట్రా అనేవాళ్ళు. వాళ్ళ ఎదురుగా కూర్చుని, ఏం జరిగింది నాయనా అని అడిగిన మొదటి మనిషిని నేను. నేనొక్కణ్ణే."

అది నిజం. హెందాకు తెలుసు.

"పడేయమని అడగను," అన్నారాయన మరికాస్త దూరం పోయాక. "అలా అడిగే మనిషిని కాదు. కాస్త పక్కన పెట్టు. ఈ గొడవ సద్దుమణగనీ. వచ్చే ఏడాది చూడొచ్చు. శాఖవాళ్ళు కొత్తగా ఊరూరా బృందాలు పెడదామనుకుంటున్నారు. ఇప్పుడు ఇలాంటిది బయటికొస్తే మొత్తం ఆపేస్తారు. వలయమే కాదు, మనసు గురించి పట్టించుకోవడమే మానేస్తారు."

హెందా అద్దం తుడిచే పుల్లల చప్పుడు వింటూ కారు నడిపింది. సరేననలేదు, కాదనలేదు. ఆ మౌనం ఆయనకు అర్థమైంది. ఆపైన ఊరు చేరేదాకా కిటికీలోంచి బయటికే చూశారు.

ఆసుపత్రి వరండా అంతా బురద అడుగులు. చుట్టాలు గోడల వెంట కూర్చుని ఉన్నారు. మట్టి పొయ్యిలోంచి తీసిన తబూనా రొట్టెలు ఎవరో గంపలో తెచ్చి పంచుతున్నారు. ఎవరూ తినడం లేదు. దొరకాల్సినవాళ్ళు ఇంకా దొరకలేదు. ఎవరైనా గుమ్మంలోకి వస్తే చాలు అందరి తలలూ అటే తిరుగుతున్నాయి. ఆడవాళ్ళ వార్డు ముందు శాఖ అధికారి చేతిలో ఫోనుతో పచార్లు చేస్తున్నాడు. నడివయసు మనిషి. రాత్రంతా మంత్రిగారి కార్యాలయం నుంచి ఫోన్లు వస్తున్నాయట. సీ శాద్లీని చూడగానే అతని ముఖం తేలికపడింది.

మబ్రూకా దుప్పట్ల కట్ట మోసుకుంటూ వచ్చింది. పొట్టిగా, కళ్ళు ఎర్రబడి, జుట్టు మీది గుడ్డ జారిపోతూ ఉంది. హెందా ఆ అమ్మాయిని మొదటిసారి చూడటం. పలకరించబోయి ఆగిపోయింది. పక్కనే ఉన్న ఆయన తన ముఖంలోంచి పేరు చదివేస్తారని భయం వేసింది.

"అమ్మాయ్, ఆ చివరి గది ఖాళీ చేయించు. కుర్చీలు గుండ్రంగా వెయ్యాలి," అన్నారు సీ శాద్లీ మబ్రూకాతో.

మబ్రూకా దుప్పట్లు దించలేదు. "లేవలేనివాళ్ళు కూడా రావాలాండీ?"

"చక్రాల కుర్చీల్లో తీసుకురండి. అందరూ ఉండాలి. ఒకరు మానేస్తే మిగతావాళ్ళు నోరు విప్పరు."

"వద్దన్నవాళ్ళు?"

"మొదట అందరూ వద్దనే అంటారు." ఆయన గొంతు మెత్తగానే ఉంది. "అదే జబ్బు."

మబ్రూకా దుప్పట్ల కట్టను బెంచీ మీద పెట్టింది. హెందా వైపు ఒక్కసారి చూసి, అధికారి వైపు తిరిగింది. బస్సు బోల్తా పడ్డ సంగతి, రెండు ఆసుపత్రుల సంగతి, తను తిరిగిన ఇళ్ళ సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. వలయంలో కూర్చున్నవాళ్ళు ఎక్కువ దెబ్బతిన్నారని నా లెక్క, అందరినీ బలవంతాన కూర్చోబెట్టొద్దు అంది.

సీ శాద్లీ ముఖం పాలిపోయింది. దారిలో తను అడిగిన పేరు ఇప్పుడు మాసిన తెల్లకోటు వేసుకుని ఎదురుగా నిలబడి ఉంది. ఆయన చాలా మర్యాదగా అడిగారు.

"ఇది ఎక్కడ అచ్చయింది, తల్లీ?"

"అవ్వలేదు."

అధికారి నిట్టూర్చాడు. సీ శాద్లీ ఇంకేమీ అనలేదు. అనాల్సిన అవసరం లేదు. మబ్రూకా మాత్రం కదల్లేదు. "వ్యాసం నాది. దాని గురించి మాట్లాడొచ్చని నేనే ఒప్పుకుంటున్నాను. అది మేడమ్ దగ్గర ఉంది. వారిని అడగండి," అంది.

ఇప్పుడు అందరూ హెందా వైపు చూశారు. అధికారి, బృందంలోని కుర్రవాళ్ళు, గోడవారనున్న చుట్టాలు కూడా. సీ శాద్లీ చూపు ఆమె మీద నిలిచింది. అందులో కోపం లేదు. తన శిష్యురాలు తనను నలుగురిలో నిలబెట్టదన్న ధీమా ఉంది. ఇంతసేపూ నోరు కట్టేసిన నియమం ఆ అమ్మాయి ఒక్క మాటతో తెగిపోయింది. ఇక దాని చాటున దాక్కోవడానికి లేదు.

"వ్యాసం నా దగ్గరే ఉంది," అంది. "ఒప్పని చెప్పలేను. అందులో ఒక సందేహం ఇంకా తీరలేదు, అది చిన్నది కాదు. తప్పని కూడా చెప్పలేను. ముగ్గురికి పంపాను. తేలాక అచ్చు వేస్తానో లేదో చెప్తాను."

"నాకు ఇప్పుడు కావాలమ్మా జవాబు," అన్నాడు అధికారి.

"ఇప్పటికి నాకు తెలిసింది ఒకటే. హాని జరుగుతుందేమోనన్న ప్రశ్న వచ్చింది, దాన్ని తీసిపారేయడానికి లేదు. అది తీరేదాకా వద్దన్న మనిషిని నేను కూర్చోబెట్టను. నా వలయం నేను నడపను."

అధికారి ఫోన్ మోగింది. అతను కట్ చేశాడు. రెండువైపుల నుంచీ మాట పడకుండా ఎలా బయటపడాలా అని ఆలోచించి, చివరికి ఇష్టమున్నవాళ్ళనే పిలవండి, లేనివాళ్ళ జోలికి పోవద్దు అని చెప్పి, ఆ మాటను అక్కడున్న గుమాస్తా చేత కాగితం మీద రాయించాడు.

సీ శాద్లీ హెందాతో మాట్లాడకుండా వార్డులోకి వెళ్ళారు. మంచం మంచానికీ తనే స్వయంగా వెళ్ళి అడిగారు. హెందా గుమ్మంలో నిలబడి చూసింది. కిటికీ పక్క మంచం మీద ఉమ్‌హానీ అనే ఆవిడ ఉంది. యాభై ఏళ్ళు ఉంటాయి. మోచేతిదాకా కట్టు. నీళ్ళలో మరదలి చెయ్యి పట్టుకుని చాలాసేపు వేలాడిందట. మరదలు ఇంకా దొరకలేదు. ఆయన వంగి, ఏం జరిగిందో చెబితే మనసు తేలికవుతుందమ్మా అన్నారు.

"నన్నడక్కయ్యా," అంది ఉమ్‌హానీ గోడ వైపు చూస్తూనే. "చెప్పాల్సొస్తే ముందు దాని కన్నతల్లికి చెప్పాలి. ఆ ముసల్దానికి చెప్పాక మీకు చెప్పడానికి నా దగ్గరేం మిగులుతుంది?"

ఆయన ఆవిడ కాళ్ళ మీది దుప్పటి సర్ది పక్క మంచానికి వెళ్ళారు.

కొందరు వస్తామన్నారు. చివరి గదిలో వాళ్ళతో వలయం మొదలైంది. హెందా తలుపు సందులోంచి విన్నది. సీ శాద్లీ గొంతు ఎక్కడా తొందరపెట్టలేదు. ఒక పడుచుపిల్ల బండి డ్రైవర్ని తిడుతూ తిడుతూ ఏడ్చింది. పక్కనున్నావిడ ఆ పిల్ల తల ఒళ్ళోకి తీసుకుంది. ఆ పద్ధతిలో ఏమీ లేదని అనడానికి హెందాకు నోరు రాలేదు. తను వరండాలోకి వచ్చి, మబ్రూకాతో కలిసి, ఎవరి మనుషులు ఏ వార్డులో ఉన్నారో, ఎవరిని ఏ ఆసుపత్రికి పంపారో కనుక్కుని చుట్టాలకు చెప్పే పనిలో పడింది. మధ్యాహ్నానికి ఉమ్‌హానీ మరదలు దొరికిందని కబురొచ్చింది. బతికి లేదు. ఆ మాట ఉమ్‌హానీకి చెప్పింది హెందాయే. ఆవిడ ఏడవలేదు. "ముసల్దాని దగ్గరికి నన్నెవరైనా తీసుకుపోతారా, చెల్లీ?" అని అడిగింది. డాక్టర్లు కదలొద్దన్నారు. ముసలమ్మనే ఇక్కడికి తెచ్చే ఏర్పాటు మబ్రూకా చేసింది. ఆ ఇద్దరూ కలిసినప్పుడు తలుపు దగ్గరికి వేసి అందరూ బయటికి వచ్చేశారు.

తిరుగు ప్రయాణానికి సీ శాద్లీ హెందా కారెక్కలేదు. శాఖవాళ్ళ బండిలో వెనక సీట్లో కూర్చుని, ఆమె నమస్కరిస్తే తల ఊపి అద్దం ఎత్తేసుకున్నారు. దారంతా ఆమె ఒక్కతే వచ్చింది. చీకటి పడేసరికి ఇల్లు చేరి, కోటు కూడా విప్పకుండా కూర్చుని, నౌఫల్‌కు నాలుగు వాక్యాలు రాసింది. ఇకమీదట మీకు పరిశీలనకు ఏదీ పంపను, ఎందుకో మీకు తెలుసు అని.

హెందా అడిగిన వివరాలు మబ్రూకా పంపింది. నౌఫల్ అనుమానం సగం నిజమైంది. పెద్ద ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళ దెబ్బలు పెద్దవే. ఆ తేడాను లెక్కలోకి తీసుకున్నాక వలయం వల్ల కనబడిన హాని చిన్నదైంది గానీ పోలేదు. అల్జీరియా ఆయన చివరికి పలికాడు. ప్రశ్న గట్టిది, జవాబు అంత గట్టిది కాదు, ఆ సంగతి దాచకుండా రాస్తే వేసుకోండి అన్నాడు. హెందా వ్యాసాన్ని వెనక్కి పంపి, 'ఈ పద్ధతిని తక్షణం నిషేధించాలి' అన్న ఆఖరి వాక్యం తీసేయమంది.

మబ్రూకా ఫోన్లో మండిపడింది. "ఆ రోజు మీరు నిలబడ్డారు కదా, ఇప్పుడెందుకు వెనకాడుతున్నారు?"

"ఆ రోజు ఏం చెప్పానో ఇప్పుడూ అదే చెబుతున్నాను. నీకు తెలిసినంతే రాయి. ఒక్క మాట ఎక్కువ రాశావంటే ఆ ఒక్క మాటనే పట్టుకుని మొత్తం కొట్టేస్తారు."

అమ్మాయి కొన్నాళ్ళు పలకలేదు. తర్వాత ఆ వాక్యం తీసేసి పంపింది. ఒక్క మాట కూడా జతచేయలేదు, నమస్కారం కూడా.

సంపాదకవర్గం సమావేశానికి సీ శాద్లీ వచ్చారు. వచ్చే ఏడాదికి వాయిదా వేద్దామని ఒక సభ్యుడు అన్నాడు. ఇంకొకరు తల ఊపారు. గదిలో చాలామంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. ఎవరూ ఆయన వైపు సూటిగా చూడటం లేదు. హెందా లేచి, పరిశీలన ముగిసిన వ్యాసాన్ని ఆపడానికి కారణం ఏమని రాసుకుందామని అడిగింది. కారణం రాసిస్తే అదే అచ్చు వేస్తాను, లేదంటే వ్యాసం వేస్తాను, రెండూ కుదరవంటే ఈ కుర్చీలో వేరే మనిషిని చూసుకోండి అంది. ఎవరూ కారణం చెప్పలేకపోయారు. వ్యాసం వేద్దామన్నవాళ్ళు చేతులు ఎత్తమంటే, ఒక్కొక్కటే లేచి చివరికి ఎక్కువే అయ్యాయి. సీ శాద్లీ ఎత్తలేదు. జవాబు రాసుకునే అవకాశం నాకివ్వండి అన్నారు. మబ్రూకాకు ఎన్ని పేజీలో మీకూ అన్ని పేజీలు, అదే సంచికలో, పక్కపక్కనే అని హెందా చెప్పింది.

ఆయన రాసింది పదునుగా ఉంది. మబ్రూకా అడిగిన ప్రశ్నల్లో ఒకటి జవాబును తనవైపు లాగేలా ఉందని పట్టుకున్నారు. అది న్యాయమే. హెందా ఒక్క మాట మార్చకుండా అచ్చుకు పంపి, దిద్దుకోవడానికి ప్రతిని ఇంటికి పంపించింది.

ఆయన దాన్ని మనిషి చేత తిప్పి పంపలేదు. తనే తీసుకుని వచ్చారు. ఆసుపత్రి రోజు తర్వాత ఆయన ఆమె గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా కూర్చున్నారు. కాఫీ చెప్పనా అంటే వద్దన్నారు. ప్రతిని బల్ల మీద పెట్టి ఒకచోట వేలు పెట్టారు. 'ఈ పద్ధతి వల్ల ఎవరికీ హాని జరగలేదు' అన్న వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన కొత్తది రాశారు. 'హాని జరిగిందని నా దగ్గరకు వచ్చి ఎవరూ చెప్పలేదు.'

హెందా చదివి తలెత్తింది.

"రాసేటప్పుడు మొదటిదే నిజమనుకున్నాను," అన్నారాయన. "అచ్చులో చూసుకుంటే నాకు తెలిసింది రెండోదేనని తెలిసింది. బాగుపడ్డవాళ్ళు వచ్చేవాళ్ళు. పండక్కి మక్రూద్ మిఠాయి డబ్బాలు తెచ్చేవాళ్ళు. రానివాళ్ళ ఇళ్ళకు నేనెప్పుడూ వెళ్ళలేదు."

హెందా ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఓదార్చకు. ఆ అమ్మాయి లెక్కలు ఇప్పటికీ సరిగ్గా లేవు. అది అలాగే ఉంచాను, చూసుకో. నలుగురి ముందు నన్ను అలా నిలబెట్టినందుకు నిన్ను క్షమించానని కూడా అనుకోకు."

"అనుకోవడం లేదు, సీ శాద్లీ."

"మంచిది. అక్షరదోషాలు రెండు మిగిలాయి. వాటికి గుర్తు పెట్టాను."

ఆ వసంతంలో రెండు వ్యాసాలూ పక్కపక్కనే అచ్చయ్యాయి. శాఖ వలయాన్ని రద్దు చేయలేదు. ఇష్టం లేనివాళ్ళను కూర్చోబెట్టకూడదని మటుకు అన్ని బృందాలకూ రాతపూర్వకంగా పంపింది. అల్జీరియాలో ఒకరు, మొరాకోలో ఒకరు అదే ప్రశ్నను మళ్ళీ మొదటి నుంచి పరీక్షిస్తామని రాశారు. వాళ్ళకేం తేలుతుందో మబ్రూకాకూ తెలియదు, హెందాకూ తెలియదు.

ప్రతిని తెచ్చిచ్చిన ఆ రోజు మాత్రం, సీ శాద్లీ లేచి కోటు బొత్తాలు పెట్టుకున్నాక, హెందా ఆయన వెంట మెట్ల దాకా వచ్చి చెయ్యి అందించింది. ఆయన పట్టుకోలేదు. పక్కనున్న ఇనుప కమ్మీ పట్టుకుని నెమ్మదిగా దిగసాగారు. వెనక్కి పొమ్మని మాత్రం అనలేదు. ఆమె ఆయన వెనకే, కాస్త ఎడంగా, వీధిలోకి వచ్చేదాకా దిగింది.